జ్వరం రాని పిల్ల

రాయపురం, చెన్నై
18 నవంబరు 2024

వెంకట్రామ్ అన్నకు ఇంద్రజ నమస్కారాలు.

క్షేమమేనా అని అడగడం మర్యాద. కూతుర్ని పెట్టుకుని ఆస్పత్రిలో కూర్చున్నవాణ్ణి అలా అడగలేను. పాప మధుమితను మన అమ్మ చేతికి ఎందుకివ్వవని అడిగినప్పటి నుంచి నువ్వు నా ఫోను తీయడం లేదు. అందుకే ఈ కవరు వదిన చేత పంపుతున్నాను.

పాప రక్తపరీక్ష ఫలితం వదిన చూపించింది. డాక్టరు ఇంగ్లీషులో చెప్పినదే తెలుగులో రాస్తున్నాను. ఒంట్లోకి క్రిమి దూరగానే మోగే కాలింగ్‌బెల్ లాంటిది ఒకటి ఉంటుంది. అది మోగితేనే జ్వరం, వాపు. మనిషితో పుట్టింది కాదది, వెన్నెముక లేని జీవాల నాటిది. చేపల కంపు ఉద్యోగమని నువ్వు ఎగతాళి చేస్తావే, ఆ ల్యాబులో నేను చూసేది దాన్నే. హార్బర్లో వలకు తగిలి, పనికిరాదని పారేసే నక్షత్రచేపను తెచ్చి సూదితో గుచ్చితే, కాసేపటికి కణాలు అక్కడ మూగుతాయి. రొయ్యలోనూ ఈగలోనూ ఆ బెల్లు తీగ ఉంది. మన మధుమితలో ఒకచోట తెగింది.

అందుకే మోకాలికి చీము పట్టినా దాని ఒళ్ళు కాగలేదు. జ్వరమే ఎరగని బిడ్డ అని అందరం మురిసిపోయాం. నాకూ తట్టలేదు. ఇంత చదివి ఏం లాభమని ఏడ్చాను.

ఈ లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే బయటపడుతుంది. మన ఇంట్లో రెండు తరాలుగా మేనరికాలే కదా. వదినను ఒక్కమాట అనకు.

ఈసారికి గండం గడిచింది గానీ అలకగానే పండగ కాదు. మందులు, టీకాలు మానకుండా ఉంటే పెద్దయ్యేకొద్దీ భయం తగ్గుతుందట. ఇక జ్వరం కోసం చూడొద్దు. పాలు తాగకపోయినా, నీరసపడినా వెంటనే తీసుకెళ్ళండి.

ఇట్లు,
నీ చెల్లెలు
ఇంద్రజ

తా.క. అసలు రాయాలనుకున్నది ఇది. మన తమ్ముడు రాజీవ్ పోయిన రోజు, జొరం లేదే, ఒళ్ళు చల్లగానే ఉండిందే అని అమ్మ అందరితోనూ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. బిడ్డ కాగిపోతుంటే నిద్రపోయిందన్నారు. నువ్వూ ఇప్పటికీ అదే అంటావు. పరీక్షించడానికి వాడి రక్తం లేదు గనుక నేనేదీ నిరూపించలేను. కానీ మొన్న నువ్వు కూడా పాప నుదురు తాకి, జొరం లేదులే, పొద్దున చూద్దాం అన్నావట. అమ్మా ఆనాడు అంతే చేసింది.

నిన్నటి నుంచి ఆమె ఆస్పత్రి కింది మెట్ల దగ్గర, నీ కంట పడకుండా కూర్చుని ఉంది. నువ్వు పిలవందే పైకి రానంటోంది.