షట్టర్ మీద నా చేతిరాత

కార్మిక శాఖ అధికారి గారికి,

దిల్‌సుఖ్‌నగర్‌లో వీరభద్రరావు గారి చీరల దుకాణంలో పదకొండేళ్లు సేల్స్‌మన్‌గా పనిచేశాను. సకల జనుల సమ్మెలో, నా వారపు సెలవునాడు, ఎల్బీనగర్ చౌరస్తాలో ‘జై తెలంగాణ’ అన్నానని ఆయన నన్ను తీసేశారు. నోటీసులో కారణం అదే రాశారు. జతపరిచాను.

సమ్మె మొదలైన రోజు ఆయనే నా చేతికి రంగు డబ్బా ఇచ్చి, షట్టర్ మీద ‘జై తెలంగాణ’ రాయించుకున్నారు. “పెద్ద అక్షరాలతో రాయవయ్యా, రాళ్లేసేవాళ్లకి దూరం నుంచే కనబడాలి” అన్నారు. మీరు విచారణకు దుకాణం మూసి ఉన్నప్పుడే రండి. షట్టర్ ఎత్తితే నా రాత కూడా దానితోపాటే చుట్టుకుపోతుంది.

ఇప్పుడు రాజీకి కబురు పంపుతున్నారు. అక్కడే పనిచేసే కౌసల్య “జర తగ్గన్నా, మళ్ల నౌకరి ఇస్తడంట” అంది. “నేను తగ్గ” అన్నాను.

నాకు ఆ ఉద్యోగం వద్దు. నా రాత కింద ‘ఈ మాట అన్నందుకే మనిషిని తీసేశాను’ అని ఆయన చేతనే రాయించండి. రంగు నేను కొనిస్తాను. అక్షరాలు మాత్రం పెద్దవి కావాలి సార్, దూరం నుంచే కనబడాలి.

ఇట్లు,
ఆ షట్టర్ మీద రాసినవాడు