ముందు అట్ట లేకుండా చదువు

నా బంగారు అక్కకి,

నువ్వు కుట్టు మిషను తొక్కుతూనే నా ఉత్తరాలు చదువుతావు. ఈసారి మిషను ఆపి చదువు. నవ్వించే సంగతులేమీ లేవు. నేను ఉద్యోగం మానేస్తున్నాను.

నువ్వు కత్తిరించి పంపిన నల్ల అట్టలు గుర్తున్నాయిగా? మధ్యలో ఒక్క వరుస పట్టేంత సందు పెట్టి, అంచులు చిరగకుండా గుడ్డ అంటించావు. పుస్తకం మీద ఆ అట్ట పెడితే ఒక్క వరుసే కనిపిస్తుంది, తక్కినవన్నీ మరుగున పడతాయి. వాటిని నేనడిగింది మా నాలుగో తరగతిలో ఒక పిల్ల కోసం. వట్టి వాగుడుకాయ, అందరూ పిచ్చుక అంటారు. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పడిపోయేది. ఒక వరుస సగం చదివి కింది వరుసలోకి జారిపోయేది. అట్ట ఇచ్చిన మూడో వారానికి ఒక కథ మొత్తం చదివి, "టీచర్, ఇందులో ముసలమ్మ నాకంటే ఎక్కువ వాగుతోంది!" అంది. ఆ రోజు స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

అక్కడితో ఆగినా బాగుండేది. మా పెద్దసారు, "ఇంత మంచి చిట్కా మనమే దాచుకుంటే ఎలాగమ్మా? పక్క బళ్ల వాళ్లకీ చెప్పండి" అన్నారు. ముప్పై మంది టీచర్లు వచ్చారు. పట్టు జారకుండా సైకిల్ ట్యూబు ముక్క తొడిగిన పెన్సిళ్లు, పాత ఫైళ్లతో చేసిన ఏటవాలు పీట, నీ అట్టలు, అన్నీ బల్ల మీద పరిచాను. చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పిచ్చుకను పిలిచి అందరి ముందూ నిలబెట్టి, "ముందు అట్ట లేకుండా చదువు" అన్నాను. తేడా తెలియాలి కదా మరి!

అది నా వైపు చూసింది. అక్కా, ఆ చూపు నాకు అర్థమైంది. అర్థమయ్యి కూడా, "ఊఁ, చదువమ్మా" అన్నాను. రెండో వరుసలో తడబడింది, నాలుగో వరుసలో తేలింది, మళ్లీ మొదటికొచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు అట్ట ఇచ్చాను. గడగడా చదివేసింది. చప్పట్లు మోగాయి. పిల్ల దించిన తల ఎత్తలేదు. నేను మాత్రం అందరికీ దండాలు పెడుతున్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. పరువు దానిది, పేరు నాది.

పిచ్చుక మర్నాటి నుంచి బడికి రావడం లేదు. ఇవాళ్టికి పదహారు రోజులు. తక్కిన బళ్ల నుంచి అట్టలు బాగా పనిచేస్తున్నాయని కబుర్లొస్తున్నాయి. ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగులుతోంది. రాజీనామా రాసి పెట్టాను. సోమవారం ఇచ్చేస్తాను.

నీ పొట్టిది


అక్కా, నా తల్లీ,

రాజీనామా కాగితం ఇవ్వలేదు. తొందరపడకని నువ్వు రాసినందుకు కాదు, కోప్పడకు.

ఇచ్చేముందు పిచ్చుక ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. నాకు కుర్చీ వేసి మళ్లీ పనిలో పడింది. పిల్ల గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "తప్పు నాదే తల్లీ. నేను బడి వదిలి వెళ్లిపోతున్నాను. నువ్వు నిశ్చింతగా రా" అన్నాను. అదేదో పెద్ద త్యాగమైనట్టు చెప్పాను, సిగ్గులేకుండా.

అది వాళ్లమ్మ వైపు చూసి, "మీరు వెళ్లిపోతే నావల్లే వెళ్లారంటారు టీచర్. అదీ నన్నే అంటారు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "నిజమే కదండీ" అంది.

"మరి నన్నేం చేయమంటావు?" అన్నాను. దాన్ని ఒక మాట అడగడం నాకదే మొదటిసారి.

"మీరుండండి. నేను పక్క సెక్షన్లో కూర్చుంటా. నాతో మాట్లాడకండి."

సరేనన్నాను. పెద్దసారుతో చెప్పి సెక్షను మార్పించాను. వారం రోజుల నుంచి వస్తోంది. వరండాలో ఎదురైతే నేనే పక్కకు తప్పుకుంటున్నాను. పక్క గదిలో పిల్లలు వంతులవారీగా చదువుతుంటే గోడకి ఇవతల చెవి ఒగ్గి నిలబడుతున్నాను. దాని వంతు రాగానే ఏమీ వినిపించదు, కాసేపటికి తర్వాతి పిల్ల మొదలుపెడుతుంది. ఎప్పటికైనా చదువుతుందో లేదో తెలియదు. చదివినా నాకు చెప్పదు. ఉండమంది, ఉంటున్నాను.

నీ పొట్టిది