సోమవారం తొమ్మిదింటి పోస్ట్

వదినా,

ఈ రోజు కోర్టులో అన్నయ్యకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాను.

ఆ సోమవారం ఉదయం ఏడింటికి వాడు దోసెల పెనంతో నీ తల పగలగొట్టి, స్నానం చేసి, ఎనిమిదిన్నరకల్లా ఆఫీసులో కూర్చున్నాడు. నువ్వు వంటింటి నేల మీద పదకొండింటి దాకా ఊపిరితోనే ఉన్నావని డాక్టరు చెప్పాడు. తొమ్మిదింటికి నీ వంటల బ్లాగులో పోస్ట్ వచ్చింది కాబట్టి అప్పటికి నువ్వు బాగానే ఉన్నావని అన్నయ్య లాయరు వాదించాడు. ఆ పోస్ట్ టైముకి దానంతటదే వచ్చేలా ముందురోజే షెడ్యూల్ చేసింది నేనని చెప్పాను. అన్నయ్య అప్పుడు చూసిన చూపు నీకు తెలుసు.

"వారానికి ఒక్కటే, సోమవారం తొమ్మిదింటికి అని మాటిచ్చాం. టైము తప్పితే ఇంకెవరూ నమ్మరు," అనేదానివి. విరిగిన చేత్తో టైప్ చేయలేక ఆ వారం నన్ను చేయమన్నావు. మెట్ల మీద పడ్డానంటే నమ్మినట్టు నటించాను. ఇడ్లీ ఫోటో మాత్రం శ్రద్ధగా పెట్టాను.

కోర్టు బయట, పక్క రాష్ట్రంలోని బెంటన్‌విల్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చిన నీ పాఠకురాలు ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఫోటోల్లో ఆమె చేతుల మీద కమిలిన మచ్చలు చూసి నాకు అనుమానమొచ్చిందమ్మా. నాలుగేళ్లలో ఒక్క సోమవారం కూడా తప్పలేదు. తప్పిన రోజు కాల్ చేద్దామని మీ ఊరు ఫ్రిస్కో పోలీసుల నంబర్ సేవ్ చేసి పెట్టుకున్నా," అంది.

"ఆ రోజు కూడా ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నా. టైముకి పోస్ట్ వచ్చేసింది."