మామ వేసిన సూది

ఫిబ్రవరి 2, రుద్రంగి

నాన్న సంవత్సరీకానికని స్కీ క్యాంపు నుంచి వారం సెలవు. పొద్దున కాలువ కట్ట రోడ్డు మీద చక్రాల స్కీలతో పద్దెనిమిది కిలోమీటర్లు. పందెం మంచులో, ప్రాక్టీసు తారు మీద... నాకే నవ్వొస్తుంది. పొలానికి పోతున్న ఒకామె ఆగి, రెండు కట్టెలు పట్టుకున్నవ్, కాళ్లకేమైంది బిడ్డా అని నిజంగానే జాలిపడింది. ఏం చెప్పను. బాగైతయి అన్నాను.

ఫిబ్రవరి 3

నాన్న మోకు వేపచెట్టుకు కట్టి రెండు వందల సార్లు లాగాను. ఈ తాడు నడుముకు చుట్టుకునే ఆయన తాటిచెట్లెక్కేవాడు. క్యాంపులో కోచ్ నా భుజాలు చూసి, ఎక్కడివి నీకివి అంటుంది. కల్లుగీత పనోళ్ల బిడ్డనంటే ఆమెకేం తెలుస్తుంది.

పదకొండున జాతీయ పోటీ. మొదటి ముగ్గురు విదేశీ పందేనికి. నాకు ఎనిమిదేళ్లుగా నాలుగో స్థానమో ఐదో స్థానమో. ఇరవై తొమ్మిది నిండాయి. ఈసారి కాకపోతే ఇక లేదు.

ఫిబ్రవరి 5

జ్వరం. దగ్గు. ఇప్పుడే రావాలా!

ఫిబ్రవరి 6

అమ్మ తన తమ్ముణ్ణి పిలిచింది. నర్సింగం మామ. ఆరెంపీ. డాక్టర్ చదువు లేదు, కానీ సగం ఊరికి ఆయనే డాక్టరు. సూది పడితేనే జ్వరం దిగుతుందని అమ్మ నమ్మకం.

ఏ మందైనా ముందు క్యాంపుకు ఫోన్ చేసి అడగాలి — రూలు. తెలుసు. మామ సిరంజి నింపుతుంటే, ఏం సూది మామా అని నోటిదాకా వచ్చింది. కానీ చెట్టు మీంచి పడి మంచం పట్టిన నాన్నకు ఏడేళ్లు రోజూ వచ్చి పుండ్లు కడిగిన మనిషి. అడిగితే అనుమానించినట్టు ఉంటుంది.

అడగలేదు.

ఫిబ్రవరి 7, కోరుట్ల స్టేషన్

జ్వరం లేదు, దగ్గు లేదు. ఒళ్లు తేలిగ్గా ఉంది. మా తమ్ముని చెయ్యి మంచిదని అమ్మ వాడంతా చెప్పుకొస్తోంది. రైలు గంట లేటు.

ఫిబ్రవరి 11

మూడు. మూడో స్థానం! ఆఖరి ఎత్తు మీద నాలుగో పిల్ల ఊపిరి నా వెనకే వినిపిస్తోంది. దాటనివ్వలేదు. గీత దాటాక మంచులో పడుకుని ఏడ్చాను.

పరీక్షకు మూత్రం సీసాలో పట్టి ఇచ్చాను. ఈ వారం వాడిన మందులు రాయమన్నారు. పారాసిటమాల్ అని రాశాను. సూదిలోనూ అదే ఉంటుందనుకున్నాను.

మార్చి 14

మెయిల్. మూత్రంలో ఆటగాళ్లు వాడకూడని స్టిరాయిడ్. సస్పెండ్. పతకం ఆగింది, విదేశీ పందెం ఆగింది. ఆ మందు ఒంట్లోకి ఎట్లా వచ్చింది, ఎవరిచ్చారు, కాగితం ఏది... పది రోజుల్లో చెప్పాలి. క్యాంపు ఖాళీ చేసి ఇంటికి పొమ్మన్నారు. ఎవరూ నా ముఖం చూడటం లేదు.

మార్చి 17, జగిత్యాల

తెలిసిన డాక్టరమ్మ. జ్వరం గబుక్కున దిగాలని పల్లెల్లో ఆ సూదే వేస్తారంది. వేసినవాళ్లు ఒప్పుకుని రాసిస్తే శిక్ష తగ్గొచ్చట. తగ్గొచ్చు — పోదు. డాక్టరు కానివాళ్లు వేయకూడదు, పేరు బయటికొస్తే కేసు అవుతుందని కూడా ఆమే చెప్పింది.

మార్చి 18, రుద్రంగి

మామకు చెప్పేశాను.  ఆయన తన నోట్‌బుక్కులోంచి కాగితం చింపి, సూది తానే వేశానని, పిల్లకు ఏమీ తెలియదని రాసి సంతకం పెట్టాడు.

"పంపు బిడ్డా. నీ ఆట ఆగొద్దు."

ఆయన వెళ్లేదాకా అమ్మ గడపలోనే నిలబడింది.

"మీ నాయిన పుండ్లు కడిగిన చెయ్యి గది. గా చేతికి బేడీలేపిస్తవా?"

మార్చి 20, సిరిసిల్ల

వకీలును అడిగాను, మామ పేరు లేకుండా పంపొచ్చా అని. చెల్లదన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. ఏమీ చూడలేదు.

మార్చి 21

మోకు వేపచెట్టుకే వేలాడుతోంది. ముట్టుకోలేదు. అమ్మ అన్నం పెడుతుంది, మాట్లాడదు. పొద్దుటి నుంచి మామ ఇంటి ముందు జ్వరాల వాళ్లు ఏడెనిమిది మంది. ఆయన లేకపోతే వీళ్లంతా ఎక్కడికి పోతారు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నా వల్లే అన్నీ. మూడే మూడు మాటలు — ఏం సూది మామా. ఆ రోజు అంటే ఏం పోయేది?

మార్చి 23

అమ్మకు జ్వరం. మామను పిలువంది. ఐదు రోజుల్లో నాతో ఆడిన మొదటి మాట. జగిత్యాల పోదామంటే తల అడ్డంగా ఊపింది.

మామ వచ్చాడు. సంచీలోంచి చిన్న సీసా తీశాడు, సిరంజి తీశాడు.

"ఏం సూది మామా?"

చెయ్యి ఆగిపోయింది. సీసా నా చేతిలో పెట్టాడు. అదే పేరు. మెయిల్లో ఉన్న పేరే.

"ఇరవై ఏండ్ల సంది గిదే ఏస్తున్న బిడ్డా. నాకు ఇంకోటి ఎర్క లేదు."

సీసా మళ్లీ సంచీలో వేసుకున్నాడు. జ్వరం గోళీలు రెండు గూట్లో పెట్టాడు. సూది వేయలేదని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఆయన రాసిచ్చిన కాగితం ఇక్కడే, ఈ పేజీల మధ్యే ఉంది. రేపు సాయంత్రం లోపు పంపాలి. మామ ఇంకా ఇంటికి పోలేదు. బయట అరుగు మీద కూర్చున్నాడు. పంపావా అని ఇంతవరకూ అడగలేదు.