నల్లబొట్టు లైబ్రరీ కార్డు

అర్ధవీడు,
అక్టోబరు 6

యూనివర్సిటీ లైబ్రరీ పెద్దసారు గారికి,

అర్ధవీడు మల్లయ్య నమస్కారం చేసి రాసేది ఏమంటే, ఇక్కడ మనుషులం క్షేమం. గొర్రెలు క్షేమం లేవు.

ఈ ఏడు కుంట నిండింది. అంచున పచ్చిక మోకాలెత్తు లేచింది. అంత మేత మేసి కూడా గొర్రెలకు దవడ కింద నీళ్లసంచి మాదిరి వాపు వస్తా ఉంది. అరవై రెండింట్లో రెండు పోయినాయి. ముందటేడు మీ యూనివర్సిటీలో చదివే అరుణకుమారి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చి, నాలుగు రోజులుండి, ఇరవై గొర్రెలకు రక్తం తీసుకొని పోయింది. కుంటలో నత్తల్ని కూడా సీసాల్లో పట్టింది. ఎందుకమ్మా అంటే, అంతా రాసి మా లైబ్రరీలో పెడతాం పెద్దనాయనా అనింది. ఇప్పుడు ఆ పిల్ల ఫోను పలకడం లేదు. కాబట్టి మీరు ఆ పుస్తకం తీసి, నా గొర్రెలకు ఏం రోగమో, ఏం చేయాలో ఒక ముక్క రాయండి.

ఇట్లు,
మల్లయ్య

మరిచినా: మిగిలిన రక్తం నాకు వద్దు. మీరే పెట్టుకోండి.

ఇంకొకటి: మా ఇంటామె కూడా ఏందో చెబుతా ఉంది గానీ, ఆమె బడి మొహం చూసిన మనిషి కాదు. నాకు యూనివర్సిటీ మాటే కావాల.


విశ్వవిద్యాలయ గ్రంథాలయం,
అక్టోబరు 14

శ్రీ మల్లయ్య గారికి,

మీ లేఖ అందినది. గ్రంథాలయంలో రక్తం నిల్వ చేయబడదని తెలియజేయడమైనది.

మీరు అడిగినది పుస్తకం కాదు, పరిశోధన వ్యాసం. అది జీవశాస్త్ర, వైద్యశాస్త్ర విద్యార్థుల కోసం మేము తెప్పించే డేటాబేసులో ఉంది. సభ్యులకు మాత్రమే తెరుచుకుంటుంది. సభ్యత్వ ఫారం జతపరిచాను. పరిశోధనలో స్వయంగా పాల్గొన్నవారు అర్హులు. వారి పేరు, వయసు, పన్నెండంకెల గుర్తింపు నంబరు, సంతకం, ఫొటో పంపగలరు.

భవదీయురాలు,
ఎలీషబా,
సహాయ గ్రంథపాలకురాలు, జీవశాస్త్ర విభాగం

గమనిక: ఫొటోలో రెండు చెవులూ స్పష్టంగా కనిపించాలి. కనిపించనివి తిరస్కరించబడును.


అర్ధవీడు,
అక్టోబరు 20

ఎలీషబా మేడం గారికి మల్లయ్య నమస్కారాలు.

ఫారం నింపినా. పరిశోధనలో పాల్గొన్నవారు అని రాసినారు. నేనేం పాల్గొన్యా, కాళ్లు పట్టుకున్యా, అంతే. రక్తం ఇచ్చింది మా నల్లబొట్టు. అందుకని దాని పేరే రాసినా. వయసు నాలుగు. పన్నెండంకెల నంబరు చెవి బిళ్ల మీద ఉంటే చూసి ఎక్కించినా. ఫొటోకి నిలబడమంటే నిలబడదు. మూడోసారికి చెవులు రెండూ కుదిరినాయి. సంతకం రాదు కాబట్టి ముద్ర వేయించినా.

మేడం, తొందరగా చూడండి. ఇంకో మూడు పోయినాయి. చిన్నప్పటి నుంచి మందలోనే పెరిగినోణ్ని, చూస్తా ఊరుకోలేకుండా ఉన్నా.

ఇట్లు,
మల్లయ్య

మరిచినా: మా ఇంటామెకు ఏం కోపమో తెలీదు. పొద్దున్నే పోయి కుంట దారికి అడ్డంగా పడుకుంటాంది. మందను చుట్టు తిప్పి తోలుకుపోతున్నా.


విశ్వవిద్యాలయ గ్రంథాలయం,
అక్టోబరు 29

శ్రీ మల్లయ్య గారికి,

శుభవార్త. ఫారాలు పరిశీలించే మా కంప్యూటర్ విభాగపు మురళీధర్ గారు అంకెలు పన్నెండూ సరిపోయాయని, చెవులు చక్కగా కనిపిస్తున్నాయని ఆమోదించారు. శ్రీమతి నల్లబొట్టు గారి కార్డు, పాస్‌వర్డు జతపరిచాను. వ్యాసాన్ని ఇంటి నుంచే చదువుకోవచ్చు.

కొత్త సభ్యులు డేటాబేసు వాడే పద్ధతిపై నవంబరు 4న జరిగే శిక్షణ తరగతికి తప్పక హాజరు కావాలి. ఆమెకు తెలియజేయగలరు.

భవదీయురాలు,
ఎలీషబా

గమనిక: వయసు నాలుగు అని పడింది. సున్న మరిచారని భావించి నలభైగా సరిచేశాం.


అర్ధవీడు,
నవంబరు 5

ఎలీషబా మేడం గారికి,

నల్లబొట్టు నిన్న తరగతికి రాలేదు. దానికీ దవడ ఊదింది. బాగుండినా కంభం బస్సులో కండక్టరు ఎక్కనియ్యడు. మేడం, అది గొర్రె! రక్తం ఇచ్చింది గొర్రెలని మొదటి ఉత్తరంలోనే రాస్తిని గదా. నలభై ఏళ్ల గొర్రెను మీరు యాడన్నా చూసినారా?

కార్డు మాత్రం పని చేసింది. కంభంలో నెట్ సెంటర్ గోపి దాని నంబరు కొడితే పద్నాలుగు పేజీలు వచ్చినాయి. అంతా ఇంగ్లీషు. గోపి మొదటి పేజీ రెండుసార్లు చదివి, ఇది మనుషుల ఇంగ్లీషు కాదు మామా అన్నాడు.

తొమ్మిది పోయినాయి మేడం. నల్లబొట్టు మందకు ముందు నడిచే గొర్రె. అది పడితే మిగతావి ఎటు పోవాలో తెలీక నిలబడతాయి. నాకు ఏడుపు వస్తా ఉంది, సిగ్గు లేకుండా రాస్తున్నా. ఆ పద్నాలుగు పేజీలు మీరే చదివి, తెలుగులో నాలుగు ముక్కలు చెప్పండి. మీ కాళ్లకు మొక్కుతా.

మల్లయ్య

మరిచినా: మా ఇంటామె మాట్లాడటం మానేసింది. పడుకోవడం మాత్రం మానలేదు, అదే దారిలో.


విశ్వవిద్యాలయ గ్రంథాలయం,
నవంబరు 9

మల్లయ్య గారికి,

ఫొటో ఇప్పుడు చూశాను. గొర్రె సభ్యులు కాకూడదని మా నిబంధనల్లో ఎక్కడా లేదు. కార్డు రద్దు చేయాలంటే కమిటీ కూర్చోవాలి, కమిటీ మార్చిలో గానీ కూర్చోదు. కాబట్టి అది అలాగే ఉంటుంది.

వ్యాసం నిన్న కూర్చుని మొత్తం చదివాను. మీ గొర్రెల కార్జంలో జలగలాంటి పురుగు చేరింది. అది నీటి అంచున ఉండే నత్తల్లో పెరిగి, అక్కడి గడ్డి మీదుగా గొర్రె కడుపులోకి పోతుంది. ఈ ఉత్తరం చేరిన రోజే కుంట దగ్గర మేపడం ఆపండి. పశువుల డాక్టరు గారికి ఈ సంగతి చెప్పి మందు తాగించండి. ఆలస్యం చేయవద్దు.

ఒక ముఖ్య విషయం. ఈ పరిశోధనకు దారి చూపింది మీ ఊరి మనిషేనని అరుణకుమారి చివరి పేజీలో రాసింది. పోలమ్మ అట ఆమె పేరు. "నత్తలుండే కుంట అంచున మేస్తే గొర్రెకు దవడ ఊదుద్ది" అని ఆమె చెప్పిన మాట మీదే నత్తల్ని పరీక్షించారట. ఇంత తెలిసిన మనిషి దగ్గర్లో ఉండగా మీరు ఇంత దూరం రాయడం నాకు ఆశ్చర్యంగా ఉంది. వెంటనే వెళ్లి ఆమెతో మాట్లాడండి.

మీ,
ఎలీషబా

గమనిక: పోలమ్మ గారి మాట అక్కడితో అయిపోలేదు. చివర "మా ఆయన వినడు" అని కూడా ఉంది. దాన్నీ ఇంగ్లీషులోకి మార్చి అచ్చు వేశారు.


అర్ధవీడు,
నవంబరు 27

ఎలీషబమ్మకు మల్లయ్య దీవెనలు.

వెంటనే వెళ్లి మాట్లాడమన్నావు. పోయినా. ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది, కుంట దారిలోనే పడుకొని ఉంది. తల్లీ, ఆ పోలమ్మే మా ఇంటామె. పెండ్లాం పేరు కాగితం మీద ఏం రాస్తాంలే అని ఇన్నాళ్లూ రాయలేదు.

నీ ఉత్తరం అక్కడే నిలబడి మొత్తం చదివి వినిపించినా, చివరి గమనికతో సహా. నవ్వుతుందనుకున్యా, తిడుతుందనుకున్యా. లేచి చీర దులుపుకొని, "అచ్చు వేసినారంటే నిజమే అయ్యుంటాదిలే" అనింది. మందను కొండ గట్టు మీదికి ఆమే మళ్లించింది. డాక్టరు మందు పోసినాడు. వాపులు తగ్గినాయి. నల్లబొట్టు నిన్నటి నుంచి మళ్లా ముందు నడుస్తా ఉంది.

మొత్తం పదకొండు పోయినాయి. ఆమె మొదటి రోజు చెప్పింది విని ఉంటే రెండుతో ఆగిపోయేది. ఈ తప్పు నాదే. ఆమె ముందర అనలేక నీకు రాస్తున్నా.

ఇట్లు,
మల్లయ్య

మరిచినా: కమిటీ కూర్చున్నప్పుడు ఆ కార్డు మీద నల్లబొట్టు పేరు కొట్టేసి పోలమ్మ పేరు ఎక్కించండి. ఫొటో ఇందులోనే పెట్టినా. రెండు చెవులూ బాగా కనపడాలంట, కొంగు వెనక్కి తీయమన్నా. తీసింది గానీ, "చెవులుండాల్సింది నాకా?" అనింది.