ఖాళీ అయిన మిరప కల్లం

ఒంగోలు

పెదనాన్నా,

ఫోన్‌లో అడిగితే పూర్తిగా వినకుండానే వద్దంటావని ఉత్తరం రాస్తున్నాను. నేను కొన్న పాత స్పోర్ట్స్ కారును డ్రిఫ్ట్ కారుగా మార్పించాను. అంటే మలుపులో వెనక చక్రాలు కావాలనే జారేలా నడిపే కారు. మన ట్రాక్టర్ మెకానిక్ ఫిలిప్ గారే చేశారు. వెనక చక్రాలు రెండూ ఎప్పుడూ కలిసే తిరగాలని నేను వీడియోలు చూపిస్తుంటే ఆయన నవ్వేశారు. "దీనికింత సినిమా ఎందుకమ్మా! రేగడిలో దిగబడితే మీ పెదనాన్న తొక్కే లాక్ పెడలేగా. దీనికి పెడల్ లేదు, లోపలి గేర్లు కలిపి వెల్డింగ్ కొట్టేద్దాం" అన్నారు. ఒక్క పూటలో కొట్టేశారు.

నేను పేరిచ్చిన డ్రిఫ్ట్ పోటీ వచ్చే నెలలోనే. సాధన లేకుండా వెళితే మొదటి మలుపులోనే నా పని అయిపోతుంది. రోడ్డు మీద చేయను. కాయలు ఎత్తేశాక నీ కల్లం ఖాళీయే కదా, ఆదివారం ఒక్కరోజు ఇవ్వు.

ఆ వానాకాలం డొంకలో నేను నడుపుతున్న ట్రాక్టర్ జారితే, "బ్రేక్ తొక్కబాకే! ఎటు జారితే అటే తిప్పు" అని అరిచావు. పోటీలో చేయాల్సిందీ అదే. అది నేర్పగలవాడివి నాకు నువ్వొక్కడివే ఉన్నావు.

బరువు తగ్గాలని ఏసీ, వెనక సీట్లు పీకేశాం. నా పక్క సీటు కూడా తీసేద్దామని ఫిలిప్ గారంటే నేనే ఆపాను. ఆదివారం అది నీది.

నీ పాత ట్రాక్టర్ డ్రైవర్