గంటా పది నిమిషాలు

మార్చి 3, ఉదయం 10.20

రెండు నగరాల మధ్య దూరాన్నీ, విమాన ప్రయాణ సమయాన్నీ వెబ్‌సైటులో ప్రకటించడం మా విభాగం విధి. పద్ధతి సులభం. నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు సరళరేఖ గీసి, కిలోమీటర్లను ఎనిమిది వందలతో భాగించి, ఎక్కడం దిగడాల కింద ఇరవై అయిదు నిమిషాలు కలుపుతాము. ఇంతవరకు పదకొండు వేల జతల నగరాలు పూర్తి చేశాను. విమానం ఎక్కలేదు. విభాగాధిపతీ ఎక్కలేదు. నిష్పాక్షికతకు అదే మంచిదని వారి అభిప్రాయం.

మార్చి 4

ఈ ఊరికీ, నా భార్య ఉద్యోగం చేస్తున్న ఊరికీ మధ్య ఆరు వందల కిలోమీటర్లు. గంటా పది నిమిషాలు. అలిగి వెళ్లి ఎనిమిది నెలలు.

మార్చి 5, సాయంత్రం

బావమరిది ఫోన్. గంటా పదంటే నేను క్షవరానికి కూర్చునేంత సేపు, ఎనిమిది నెలల్నుంచీ ఏం చేస్తున్నావు బావా అన్నాడు. ఆసుపత్రి వాళ్లు అక్కకు మూడేళ్ల కాంట్రాక్టు ఇస్తున్నారట. సంతకం శనివారం. సాయంత్రం ఐదులోపు నేను వెళ్లి, ఎదురుగా నిలబడి ఒక్క మాట చెబితే ఆలోచిస్తుందట. ఫోన్లో చెల్లదట. ఏ మాట అని అడిగాను. అది కూడా నేనే చెప్పాలా అని పెట్టేశాడు.

మార్చి 6

మూడు చిత్తుప్రతులు తయారుచేశాను. మొదటిది ఆవిడ తప్పులతో మొదలవుతుంది. రెండోదీ అంతే. మూడోది "ఉభయుల వైపు నుంచీ" అని మొదలై అక్కడే ఆగిపోయింది.

మార్చి 7, శనివారం, ఉదయం

3.30 విమానం. 4.40కి దిగుతాను. ఇరవై నిమిషాలు మిగులు. మన పద్ధతికి ఇదే తొలి ప్రయోగమని విభాగాధిపతి కరచాలనం చేశారు.

సాయంత్రం 4.05, విమానంలో

కదల్లేదు. ముందు ఆరు విమానాలు వరుసలో ఉన్నాయట. పక్క సీటు పెద్దావిడ, విమానం కొత్తా నాయనా, గోళ్లన్నీ కొరికేశావు అన్నారు. భార్య దగ్గరికి వెళ్తున్నానన్నాను. అయితే సరేలే అని తన బిస్కెట్లు కూడా నాకే ఇచ్చారు.

5.35

టాక్సీ. ఊరింకా నలభై కిలోమీటర్లుంది సార్, విమానాశ్రయానికి ఆ ఊరి పేరు పెట్టుకున్నారంతే అంటున్నాడు డ్రైవరు. మా పద్ధతిలో రోడ్డు లేదు.

మార్చి 8, ఉదయం 9.00

నిన్న ఆసుపత్రికి చేరేసరికి ఆరూ నలభై. ఫిజియోథెరపీ గదిలో ఆవిడ ఒక ముసలాయన మోకాలు వంచుతూ ఉంది. చిత్తుప్రతులు జేబులోనే ఉండిపోయాయి. నోటికి వచ్చింది ఒక్కటే: లెక్క తప్పింది, తప్పు నాది. పదకొండేళ్లలో నీ నోట ఈ మాట మొదటిసారి వింటున్నాను, ఇంకోసారి అను అంది. అన్నాను. కాస్త నా కాలు వదిలి మాట్లాడుకోమ్మా అన్నాడు ముసలాయన.

ఐదు దాటిపోయిందిగా అన్నాను. నీ లెక్కలు నాకు తెలియవా, సంతకం ఏడింటికి, అందుకే తమ్ముడితో ఐదని చెప్పించాను అంది. తర్వాత మేనేజరుకు ఫోన్ చేసి వారం గడువు అడిగింది. నావైపు మాత్రం చూడలేదు.

మార్చి 9, ఉదయం 6.10

ఆవిడ అద్దె గదిలో ఒకటే మంచం. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. మా మధ్య ఒక దిండు. ప్రయాణ సమయం ప్రకటించడానికి ఈ విభాగం నిరాకరిస్తోంది.